పేరెత్తని జబ్బు

ఎవులాలియా మొక్కజొన్న పిండిముద్దను అరచేతుల మధ్య తట్టి పెనం మీద వేసింది. కాలిన రొట్టెను తీసి, చిన్న ముక్కలుగా తుంచి, నల్ల చిక్కుడు గింజల పులుసులో నానబెట్టింది. ఆమె తల్లి చోనాకు ఒక్క పన్ను లేదు. అయినా గట్టి రొట్టెనే చిగుళ్ళతో నమిలేస్తుంది. నానబెట్టిన ముక్కలు పదిహేడేళ్ళ మనవరాలు నొయెమీకి.

"ఈ ఇంట్లో ముసలిదాన్ని నేనా, అదా?" అంది చోనా.

నొయెమీ నవ్వలేదు. నిన్న ప్యూబ్లా పట్నంలో పెద్దాసుపత్రికి ఒక్కతే వెళ్ళి వచ్చింది.

"అమ్మా, ఎక్స్‌రే తీశారు. నా పళ్ళ వేర్లు సగమే పెరిగాయంట. చిన్నప్పుడు ఎక్కించిన మందుల వల్లంట. అలాంటి పళ్ళకి క్లిప్పులేసి లాగితే ఊడక ఏమవుతాయి అన్నారు. ముందువి రెండూ తీసెయ్యాలంట."

రొట్టె తట్టే చప్పుడు ఆగింది.

ఆ క్లిప్పులు వేయించింది ఎవులాలియానే. ఆడపిల్లకి ఘనంగా చేసే పదిహేనో పుట్టినరోజు పండగ ఫొటోల్లో కూతురి పళ్ళ మధ్య సందులు కనబడకూడదని, సంత వీధిలోని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"చిన్నప్పుడు పెద్ద జబ్బేమైనా చేసిందా అని ఆ పళ్ళ డాక్టరు అడిగాడు. నువ్వేమన్నావు?" అంది నొయెమీ.

"జ్వరం అన్నాను."

"జుట్టంతా రాలగొట్టింది జ్వరమా?"

"దాన్నేం అనకు," అంది చోనా. "మొక్కించింది నేను. నువ్వు బతికితే ఆ జబ్బు పేరు మళ్ళీ ఎత్తనని పసి యేసు ముందు మొక్కుకుంది. పేరు పెట్టి పిలిస్తే వస్తుందే, కుక్కలాగా."

"ప్రాణం దక్కింది తల్లీ, పళ్ళదేముంది," అంది ఎవులాలియా మెల్లగా.

"దక్కినందుకు రోజూ దణ్ణం పెడుతూనే ఉన్నా. నానిన రొట్టె తింటూ."

నొయెమీ తల్లి వైపు తిరిగి మళ్ళీ అంది. "ఇవాళ మళ్ళీ రమ్మన్నారు. మిగతా పళ్ళు నిలబెట్టాలంటే అప్పుడేం మందులిచ్చారో, తలకి కరెంటు, అదే రేడియేషన్, పెట్టారో లేదో తెలియాలంట. నాకు మూడేళ్ళప్పటి సంగతి. తెలిసింది నీకే. నీ నోటితో చెప్పు."

"పసి యేసుకి మాటిచ్చానే."

"నాకూ ఇచ్చావు. పాలపళ్ళు ఊడినప్పుడు కొత్తవి రావేమ్మా అంటే, వస్తాయి, వస్తాయి అన్నావు."

పెనం మీద రొట్టె మాడి పొగ లేచింది. ఎవులాలియా దాన్ని తియ్యలేదు.

"క్యాన్సర్," అంది.

చోనా గబగబా శిలువ గుర్తు వేసుకుంది.

"రక్తంలో క్యాన్సర్. ఎర్రమందు ఎక్కించేవాళ్ళు. వెన్నులో సూది గుచ్చేవాళ్ళు. తలకి కరెంటు పెట్టారు. నిన్ను బల్లకి కట్టి తలుపేసేవాళ్ళు. నీకు వినబడాలని నేను బయట నిలబడి పాడేదాన్ని." పిండి చేతులతోనే మొహం కప్పుకుంది. "క్లిప్పులేసినాయన అడిగినప్పుడు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. భయం నాది, పోయినవి నీ పళ్ళు."

నొయెమీ చివరిదాకా విన్నది. వీధి మలుపులో ప్యూబ్లా బస్సు హారన్ మోగింది.

"ఉండు, చేతులు కడుక్కుని నేనూ వస్తా," అంటూ ఎవులాలియా నీళ్ళ తొట్టి వైపు పరుగెత్తింది.

నొయెమీ నానిన రొట్టెల గిన్నెను అమ్మమ్మ ముందుకు జరిపింది. శాలువా నోటి మీదుగా చుట్టుకుని, తల్లి కోసం ఆగకుండా గడప దాటి వెళ్ళిపోయింది.