కదలని మంద

సియొరాక్ దీవి ఒడ్డుకు ఏనుగులకు మల్లే దంతాలుండే వాల్రస్‌లు చేరాయంటే, అవి తిరిగి వెళ్లేదాకా అక్కడ మనిషి అడుగు పడకూడదు. మనిషి వాసన తగిలితే చాలు, మంద మొత్తం బెదిరి సముద్రంలోకి ఉరుకుతుంది. ఆ తొక్కిడిలో పిల్లలు నలిగి చస్తాయి. అందుకే ఊరివాళ్లే ఆ ఒడ్డును మూసేసి, వేసవి పొడుగునా కాపలా పెట్టుకున్నారు. ఆ ఏడు కాపలా ఉలాయుక్‌దీ, ఆమె మరిది కౌతాక్‌దీ.

ఆ మధ్యాహ్నం కింద ఒడ్డంతా మంద నిద్రపోతుంటే, గట్టు మీది గుడిసె ముందు ఇద్దరూ ఎండుచేప నములుతూ కూర్చున్నారు.

“వదినా, నీ టీ కంటే కిందనుంచొచ్చే ఆ కంపే నయం.”

“రేపట్నుంచి నువ్వే కాచుకో. నీళ్లు కూడా మాడబెట్టే రకానివి.”

అంతలో సముద్రం మీంచి పొగమంచు పాకుతూ వచ్చింది. వెలుతురు ఉంది గానీ చూపు ఆనడం లేదు. కింద గురకలు, దంతానికి దంతం తగిలిన చప్పుడు, కుళ్లిన ఆల్చిప్పల వాసన. ఉలాయుక్ బైనాక్యులర్స్ ఎత్తింది.

మంచు పలచబడిన చోట, మంద నడుమ ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

పడవ చప్పుడేదీ వినలేదు. ఒక్క వాల్రస్ కూడా తల ఎత్తలేదు. అతని కాళ్లకు ఆనుకుని పిల్లలు నిద్రపోతున్నాయి.

“ఎవడో దారి తప్పాడు. గాలికి ఎదురుగా పాక్కుంటూ వెళ్లి, మెల్లగా పిలుచుకురా” అంది.

కౌతాక్ దిగి వెళ్లాడు. కాసేపటికి వాకీటాకీలో గుసగుస.

“వదినా... ఇక్కడెవరూ లేరు.”

“నీ ఎదురుగానే ఉన్నాడ్రా!”

“ఒట్టు. వాల్రస్‌లు తప్ప ఏమీ లేవు.”

ఆ మనిషి ఇటు తిరిగాడు. కౌతాక్ వైపు నడవసాగాడు. అన్ని శరీరాల మధ్యనుంచి... ఎక్కడా ఆగకుండా.

“వెనక్కి వచ్చెయ్. వచ్చెయ్‌రా...”

“వదినా, గురకలు ఆగిపోయాయేంటి?”

నిజమే. గురకల్లేవు. వాసన కూడా లేదు.

ఆ మనిషి కౌతాక్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. చెవి దగ్గరికి వంగాడు.

“ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు” అన్నాడు కౌతాక్. గొంతులో భయం లేదు.

కౌతాక్ లేచి నిలబడ్డాడు. మంద కదల్లేదు. ఆ మనిషి వెంట నడిచాడు. పొగమంచు మూసుకుంది.

“కౌతాక్!”

కట్టుబాటు మరిచి ఉలాయుక్ పరుగెత్తింది. అప్పుడు లేచింది మంద. నేల అదిరింది. మంచు విడేసరికి ఒడ్డంతా ఖాళీ. నలిగిన పిల్లలు రెండు. కౌతాక్ లేడు.

ఊళ్లోని పడవలన్నీ వెతికాయి. శవం కూడా దొరకలేదు.

మరుసటి వేసవి అందరూ వద్దన్నా కాపలాకు ఆమే వచ్చింది. మంద మళ్లీ ఒడ్డెక్కింది. ఒకదాని మీద ఒకటి, కాలు పెట్టే సందు లేకుండా. నడుమ ఒక్కచోట మాత్రం వట్టి నేల. పిల్లలు కూడా అటు పోవడం లేదు.

ఇద్దరు నిలబడేంత చోటు, అనుకుంది.

మర్నాడు చూసింది. ముగ్గురికి సరిపోతుంది.