కోడ్‌వర్డ్ టిల్త్

"చేపకి చలేస్తోందా?"

"ఐసు మీద పడుకోబెట్టండి."

సంకేతాలు కలిశాయి. ఏలూరులో ఐస్ ఫ్యాక్టరీ మేడమీది గది తలుపు తెరుచుకుంది. చేపల మేత అమ్మే సేల్స్‌మన్ వేషంలో ఏజెంట్ విజయ్ కుమార్ లోపలికి వచ్చాడు. ఈ సంకేతాలు రాసిన మహానుభావుడెవరో గానీ, వాడిచేత ఒక్కరోజు ఆకివీడులో చేపల బుట్టలు మోయించాలనిపించింది అతనికి.

చీఫ్ జగ్గారావు ఒక కాగితం ముందుకు తోశాడు. శత్రుదేశపు ముఠా పంపుకున్న మెసేజ్. 'టిల్త్ రెడీ. విత్తడం ఈరోజు నాలుగింటికి.'

"టార్గెట్ ఏలూరు–తాడేపల్లిగూడెం రైల్వే లైను. బాంబు ఎక్కడుందో తెలీదు. టిల్త్ అంటే ఏమిటని ఢిల్లీలో పదిమంది ఎక్స్‌పర్టులు పొద్దుట్నుంచీ బుర్రలు బద్దలుకొట్టుకుంటున్నారు. కొత్తరకం మిస్సైలేమోనంటున్నారు."

"డిక్షనరీ చూశారాండీ?"

చీఫ్ సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాడు. విజయ్ ఫోన్ తీశాడు. దున్ని, గడ్డలు చితక్కొట్టి, విత్తడానికి మెత్తగా సిద్ధం చేసిన నేల తీరు. అర నిమిషం పట్టింది.

"బాంబు కైకలూరులో మేత గోడౌన్లో ఉంది. పదండి," అంటూ మూల కుర్చీలోంచి లేచింది రూబీ. ముఠా నడిపే విత్తనాల కంపెనీలో సాయిల్ సైంటిస్టుగా దూరిన మన ఏజెంట్. నల్ల కళ్లద్దాలు, ఎర్ర హైహీల్స్.

"మేత గోడౌన్లో టిల్తేమిటి మేడమ్?" అని విజయ్ ఆమెను జీపెక్కించుకుని పట్టాల పక్క రోడ్డు పట్టాడు.

అంతటా వరినాట్లకి దమ్ము జరుగుతోంది. ట్రాక్టర్లు నీళ్లలో తిరుగుతూ నేలని బురద చేస్తున్నాయి. భీమడోలు దాటాక పట్టాలకి ఆనుకుని ఒక్క చేను మాత్రం పొడిగా, మెత్తగా మెరిసిపోతోంది. పెదపాడులో పెరిగిన విజయ్‌కి అసహ్యం కలిగింది. శత్రువులకి కూడా కాస్త బుద్ధి ఉండాలి.

పక్కమడిలో నాట్లేస్తున్న హన్నమ్మ నడుమెత్తింది.

"ఎవరిదమ్మా ఈ చేను?"

"ఫారిన్ కంపెనీ వాళ్లదటండీ. ఊరంతా దమ్ము చేస్తుంటే వీళ్లు నీళ్లు తోడేసి పిండి చేశారండీ! పుస్తకంలో చూసి దున్నారేమో. టైమెంతయ్యిందండీ? మా పిల్ల నిస్సీ కాలేజీ నుంచి నాలుగింటి పాసింజర్లో వస్తదండీ."

మూడూ యాభై ఎనిమిది. విజయ్ జీపు దూకి గట్టెక్కాడు, వెనకే రూబీ దిగింది.

బురదలో అడుగు నిలవదు. ఈ పొడిలో ప్రతి అచ్చూ నిలిచింది. ముందు వెడల్పు, వెనక చిన్న గుంట. గట్టు దగ్గర మొదలై తిన్నగా పట్టాల దాకా వెళ్లి వచ్చిన హైహీల్స్. అతను తలతిప్పి రూబీ కాళ్లకేసి చూశాడు.

ఆమె చేతిలో పిస్టల్ ఉంది. "తెలివైనవాడివే."

"అంత తెలివి అక్కర్లేదు మేడమ్. ఇక్కడ చెప్పులు గట్టు మీద విడిచి చేలోకి దిగుతారు. మీ డిక్షనరీలో అది రాయలేదు."

రెండు చేతుల నిండా బురద వచ్చి రూబీ ముఖాన పడింది. హన్నమ్మ గురి తప్పలేదు. విజయ్ పిస్టల్ లాక్కుని, అచ్చుల వెంట పరిగెత్తాడు. చివరి అచ్చు దగ్గర మట్టి తోడితే బాంబు బయటపడింది. రైలు కూత వినిపించింది. ఎర్ర వైరా, నీలం వైరా అని ఆలోచించకుండా బ్యాటరీనే పెరికేశాడు. గడియారం మూడు సెకన్ల దగ్గర ఆగింది.

పాసింజర్ దడదడలాడుతూ వెళ్లింది. కిటికీలోంచి ఒక పిల్ల చెయ్యూపింది. హన్నమ్మ బురదచేతులు ఎత్తి ఊపుతూ ఏడ్చేసింది.

సాయంత్రం రూబీ లాకప్‌కి చేరేసరికి ఢిల్లీ నుంచి అర్జెంట్ మెసేజ్. 'టిల్త్ ఒక సబ్‌మెరైన్ అని నిర్ధారణ. మచిలీపట్నం తీరం గాలించండి.'

"ఏం జవాబివ్వమంటావయ్యా?" అన్నాడు చీఫ్.

విజయ్ కాళ్లకంటిన మట్టి కడుక్కుంటున్నాడు. "గాలిస్తున్నామని రాయండి సార్. పాపం, వాళ్లకీ ఏదో ఒక పనుండాలి కదండీ."