ఆగడం వేరు, చావడం వేరు

"అన్నా, కాస్త బయటికొస్తారా?" అన్నాడతను, ఒక కారు కింద నుంచి కనబడుతున్న రెండు పాదాలను చూసి.

పాదాలు చటుక్కున లోపలికి ముడుచుకున్నాయి.

"అన్నా! మిమ్మల్నే!"

"అన్న లేడు," అంది కారు కింద నుంచి ఒక సన్నటి గొంతు.

"మరి ఈ కాళ్లెవరివి?"

"నావే."

అదీ వాళ్లిద్దరి మొదటి సంభాషణ. అతను పిల్లలకు వయొలిన్ నేర్పే మాస్టారు. ఆమె మెకానిక్ షెడ్డు మేస్త్రి కూతురు. నోట్లో నాలుక లేని పిల్ల అని వీధిలో పేరు. షెడ్డు బయట ఆగి ఉన్నది అతని మేనమామ ముచ్చటపడి ఇచ్చిన ఎర్రటి స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, వయసు మాత్రం మాస్టారి కంటే ఎక్కువ.

ఆ బండికి ఒక జబ్బుంది. బాగా వేడెక్కితే ఆగిపోతుంది. మాస్టారు చెమటలు కక్కుతూ తోసుకొస్తాడు. షెడ్డు నీడలో కాసేపు చల్లబడగానే, ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

"మీ షెడ్డు మొహం చూస్తేనే బాగవుతోందేంటి మేస్త్రీ, ఆ బండి?" అని ఎదురు కొట్టు టైలరు వెక్కిరించేవాడు. "రోగం బండికా, మాస్టారికా?"

ఆ మాట వింటే ఆమె చెవులు ఎర్రబడేవి. పానా చేతిలోంచి జారిపోయేది.

ఒకరోజు మేస్త్రి బండి వెనక భాగం దగ్గర చెవి పెట్టి విన్నాడు. "ఫ్యూయల్ పంపు. చచ్చిపోయేముందు ఇలాగే మూలుగుతుంది."

"అవునండీ, కొన్నాళ్లుగా దాని శ్రుతి పెరుగుతోంది," అన్నాడు మాస్టారు. "నేను ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని."

ఆమె నవ్వలేదు. ఫ్యూయల్ పంపు అన్న మాట వినగానే ఆమె చేతిలోని పని ఆపేసింది. నాన్న కుడి చేతివైపు చూసింది. ఆ చేతి వేళ్లు ఇప్పుడు పూర్తిగా ముడుచుకోవు. ఒకప్పుడు ఇలాంటి పంపే విప్పుతుంటే మంట లేచింది. ఆనాటి నుంచి పెట్రోలు పైపు అంటే ఆమెకు పామే. ఇంజను మొత్తం విప్పి బిగించమన్నా బిగిస్తుంది కానీ ట్యాంకు జోలికి మాత్రం పోదు.

"నేను కొత్త పంపు తెస్తా. వచ్చి నేనే విప్పుతా. నువ్వు ముట్టుకోకు తల్లీ," అని మేస్త్రి గొడుగు పట్టుకుని బయల్దేరాడు.

నాన్న వెళ్లాక ఆమె చాలాసేపు ఆ బండిని చూస్తూ నిలబడింది. పట్టు దొరకని ఆ చేత్తో, ఆ పైపు! పానా జారితే? తనకు భయమే. కానీ నాన్న ఆ బండి కింద పడుకుంటాడన్న భయం అంతకంటే పెద్దది. ఆయన తిరిగొచ్చేసరికి పాత పంపు ఊడి బల్ల మీద ఉండాలి. అంతే.

"మాస్టారూ," అంది. అతన్ని తనంతట తాను పిలవడం అదే మొదటిసారి. అతను కూర్చున్న స్టూలు మీద నుంచి దాదాపు పడిపోయాడు.

"పంపు ఫ్యూజు తీసేశాను. మీరు లోపల కూర్చుని స్టార్ట్ చేయండి. పైపులో మిగిలిన పెట్రోలంతా తాగేసి, దానంతటదే చస్తుంది. చచ్చాక చెప్పండి."

"చావాలా?" అన్నాడతను గుండె మీద చెయ్యి వేసుకుని. "పాపం కదండీ?"

"చావాలి," అంది ఆమె నవ్వు ఆపుకుంటూ. ఇసుక బకెట్టు తేవడానికి షెడ్డు వెనక్కి వెళ్లింది.

అప్పుడే వాన అందుకుంది. రేకుల మీద రాళ్లు గుమ్మరించినట్టు మోత. ఇంజను చప్పుడు ఆమెకు వినబడలేదు. వినబడింది అతని కేక ఒక్కటే.

"చచ్చిందండీ!"

ఆమె వచ్చి బ్యాటరీ తీగ ఊడదీసింది. జాకీతో లేపిన వెనక చక్రం పక్కనే స్టాండు సరిగ్గా ఉందో లేదో ఊపి చూసింది. మబ్బుకు షెడ్డంతా చీకటి పడింది. టార్చి వెతికే ఓపిక లేదు, నాన్న ఏ క్షణాన్నయినా వచ్చేస్తాడు. గోడకు వేలాడుతున్న పాత తీగ బల్బును మీట నొక్కి వెలిగించి మాస్టారి చేతికిచ్చింది.

"ఇటు పట్టుకోండి. కదలొద్దు."

బండి కింద పడుకుంది. పంపు నల్లగా, చల్లగా, చేతికందే దూరంలో ఉంది. పైపు నట్టుకు గుడ్డ చుట్టి, పానా తగిలించింది. కళ్లు మూసుకుని తిప్పింది.

బుస్సుమంది.

పెట్రోలు గుడ్డను చీల్చుకుని ఆమె మెడ మీద, గుండెల మీద చిమ్మింది. చల్లగా, సూదుల్లా. చేతులు, జుట్టు, కింద నేల అన్నీ తడిసిపోయాయి. వాసనకు ఊపిరి ఆడలేదు. కళ్లు తెరిచేసరికి నేల మీద పాకుతున్న తడిలో పసుపు వెలుగు మెరుస్తోంది.

బల్బు!

"అయ్యో, ఏమైందండీ!" అంటూ మాస్టారు వంగబోయాడు.

"కదలకు!"

ఆ అరుపు తన గొంతులోంచే వచ్చిందని ఆమెకు తెలియలేదు.

"దాన్ని ఆపకు, మీటలో నిప్పురవ్వ లేస్తుంది. కింద పెట్టకు. పడేశావో ఇద్దరం ఉండం. అలాగే పట్టుకుని వెనక్కి నడు."

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. తీగ నేల మీద జరజరా జరిగింది. ఒక చోట పానాల డబ్బాకు చిక్కుకుని బిగుసుకుంది. బల్బు ఊగింది. ఆమె ఊపిరి బిగబట్టింది.

"లాగకు! ఎడమ చేత్తో మెల్లగా విడదీయి."

వయొలిన్ తీగ సవరించే వేళ్లు ఆ తీగను నెమ్మదిగా విడిపించాయి. మళ్లీ వెనక్కి నడక. ఆమె అంగుళం కూడా కదలకుండా, ఆ పసుపు వెలుగు తన మీద నుంచి జారిపోవడం చూస్తూ పడుకుంది. నాన్న చెయ్యి గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన కేక గుర్తొచ్చింది.

"గుమ్మం దాటాను," అన్నాడతను.

"చూరు దాటకు! వాన చుక్క పడితే బల్బు పగులుతుంది. వరండా చివర మెయిన్ స్విచ్చుంది, అక్కడికెళ్లి ఆపు."

వెలుగు దూరమైంది. ఆరిపోయింది. ఆ చీకటి అంత హాయిగా ఆమెకు ఎన్నడూ అనిపించలేదు.

పాకుతూ బయటికొచ్చి, ట్యాంకు పైపు బిగబట్టే క్లిప్పు వేసి, కారుతున్న చోట ఇసుక పోసి, పరుగెత్తి వానలో నిలబడింది. వాన ఆమె మెడ మీది పెట్రోలును కడుగుతూనే ఉంది. మాస్టారు వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

"బండి చచ్చిందన్నారు కదా?" అంది ఆమె, ఏడుపు గొంతుతో.

"అది దగ్గుతోందండీ. గొంతు నులుముతున్నట్టు ఒకటే దగ్గు. వినలేకపోయాను. తాళం తిప్పి ఆపేశాను. ఆగినా, చచ్చినా ఒకటే కదా అని..."

"ఒకటెలా అవుతుంది? ఆగితే పైపులో పెట్రోలు అలాగే ఒత్తిడితో ఉంటుంది! చస్తేనే ఖాళీ అవుతుంది!"

అతను తల వంచుకున్నాడు. మెల్లగా అన్నాడు. "నన్ను 'నువ్వు' అన్నారు."

"ఎప్పుడు?"

"ఇందాక. నడు, ఆపు, కదలకు అని. అన్ని తిట్లలోనూ నాకు అదొక్కటే ధైర్యమిచ్చింది."

వాన ఉంది కాబట్టి సరిపోయింది, మొహం దాచుకోవడానికి.

అంతలో గొడుగు కనిపించింది. మేస్త్రి గుమ్మంలోకి రాకుండానే ఆగిపోయాడు. వాసన. గొడుగు చేతిలోంచి జారింది. తడిసిన కూతుర్ని చూశాడు, మెట్టు మీది మాస్టారిని చూశాడు.

"ఎవరు చేశారు?"

"నేనే నాన్నా. తొందరలో తీగ బల్బు వెలిగించాను."

"కాదండీ, నేను. చావకముందే తాళం తిప్పేశాను."

"ఆయనకేం తెలుసు నాన్నా, సరిగా చెప్పంది నేను."

"ఆవిడ సరిగ్గానే చెప్పారండీ, నా చెవులే అంత చెడ్డవి."

మేస్త్రి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చివరికి పంపు పెట్టె చంకలో పెట్టుకుని, "జరగండి. మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు.

ఆమె ఆయన దారికి అడ్డంగా నిలబడింది. పళ్లు టకటకలాడుతున్నాయి, చలికో, భయానికో.

"వద్దు నాన్నా. మొదలెట్టింది నేను. నేనే బిగిస్తా."

"భయం లేదా?"

"ఉంది. చాలా ఉంది. మీరు పక్కన కూర్చోండి, చాలు."

మేస్త్రి పెట్టె ఆమె చేతికిచ్చాడు.

ఆమె పొడిబట్టలు కట్టుకుని వచ్చింది. వాన వెలిశాక ముగ్గురూ కలిసి షెడ్డు కడిగి, బండిని చక్రాల మీదికి దించి, ఆరుబయటికి తోశారు. చక్రం మళ్లీ జాకీతో లేపి స్టాండు పెట్టింది ఆమె. గాలి బాగా వీస్తోంది. ఆమె కింద పడుకుని పాత పంపు విప్పింది, కొత్తది బిగించింది, పైపుల కింద కొత్త వాషర్లు వేసింది. ప్రతి నట్టు దగ్గరా చెయ్యి ఆగింది. ఆగిన ప్రతిసారీ మేస్త్రి, "ఊఁ, ఇంకొంచెం," అన్నాడు. మాస్టారు మాత్రం దూరంగా, చేతులు కట్టుకుని, బడి పిల్లాడిలా నిలబడ్డాడు.

ఫ్యూజు పెట్టి, బ్యాటరీ తీగ తగిలించి, తాళం తిప్పితే పంపు సన్నగా, నిండుగా పలికింది. మాస్టారు కళ్లు మూసుకుని విన్నాడు. ఆమె ప్రతి అతుకూ వేలితో తడిమి చూసింది. ఎక్కడా తడి లేదు. ఇంజను అందుకుంది.

"ఇక ఎంత ఎండలోనైనా ఆగదు మాస్టారూ," అన్నాడు మేస్త్రి చేతులు తుడుచుకుంటూ. "మీరు మళ్లీ ఇటు రావలసిన పనే లేదు."

మాస్టారి మొహం ఇందాక బల్బు పట్టుకున్నప్పటి కంటే పాలిపోయింది.

"పని... ఉందండీ," అన్నాడు.

"ఏం పని?"

అతను నోరు తెరిచాడు. ఆమె వైపు చూశాడు. మేస్త్రి కూడా ఆమె వైపే చూశాడు. టైలరు మిషన్ ఆపి మరీ చూశాడు. పెట్రోలు భయం కంటే ఈ భయమే నయం అనుకుంది ఆమె.

"నేనే రమ్మన్నాను నాన్నా."

"అలాగా! ఎప్పుడు రమ్మన్నావు?"

"ఇప్పుడే."