వెనక్కి తిరిగిన బ్లోయర్

హిందూపురం మార్కెట్ యార్డు ఎదుట ఇంజనీర్ వెంకటేష్ టీ రెండో గుక్క తాగలేదు. గ్లాసు జారి పగిలింది. అతని మెడ మీద సన్నటి సూది మెరుస్తోంది. సూది విసిరిన మనిషి చింతపండు లారీల మధ్య అప్పటికే మాయమయ్యాడు.

వెంకటేష్‌ను కలవడానికే వచ్చిన ఏజెంట్ దేవసహాయం పరుగున వెళ్ళి అతని తలను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"మోటారు... ఎనక్కి తిప్పినారు సార్..."

అంతే. ప్రాణం పోయింది.

కారెక్కగానే చీఫ్ పవన్ కుమార్ లైన్లోకి వచ్చాడు.

"పెనుకొండ దగ్గర మూతపడిన ఆయిల్ డిపో ఉంది. ట్యాంకుకు చిల్లు పడి ఏళ్ళ తరబడి పెట్రోలు నేలలోకి ఇంకింది. చుట్టూ బావులన్నీ పాడయ్యాయి. ఆ నేలను బాగుచేసే ప్లాంటు వెంకటేష్‌ది. బోర్లు వేసి, బ్లోయర్‌తో పెట్రోలు ఆవిరిని పైకి లాగి, కార్బన్ ఫిల్టర్లలో పట్టేస్తారు. దానిమీద ఒక విదేశీ ముఠా కన్ను పడింది. ఎందుకో తెలియదు."

"ఎవరికి తెలుసు?"

"రేఖకు. ధర్మవరంలో ఉంది. డబుల్ ఏజెంట్. మన మనిషో వాళ్ళ మనిషో నాకే అనుమానం. జాగ్రత్త."

ధర్మవరం పట్టుచీరల షాపులో దేవసహాయం పెళ్ళికొడుకు మేనమామ అయ్యాడు. జరీ పంచె, పెట్టుడు మీసం.

"నీటి రంగు పట్టు కావల్ల."

"ఉండాది. ఎండలో చూస్తే రంగు మారుతాది."

కోడ్ సరిపోయింది. చలువ కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసి రేఖ చీర మడత విప్పింది. షాపులో ఆడవాళ్ళు కూడా ఆమెనే చూస్తున్నారు.

"మిలిటరీ సామాన్ల రైలు. పెనుకొండ కాడ పేలుస్తారు. రేపు పొద్దున. ఈ పొద్దు ఆడికి పోయినా లాభం ల్యా."

చెబుతున్నంతసేపూ ఆమె అతని కళ్ళలోకి చూడలేదు. దేవసహాయం నేరుగా పెనుకొండకు కారు తిప్పాడు.

డిపో ఇంకా కనబడకముందే వాసన గొంతు పట్టుకుంది. జేబులో పెన్నులా ఉన్న గ్యాస్ మీటర్ ఎర్రగా వెలిగింది. కంచె పక్క ఇంటి ముందు నీలావతి అనే పెద్దామె మనవరాళ్ళను బయటికి లాక్కొస్తోంది.

"ఏమప్పా, ప్లాంటు ఆయప్పవా? ఈ మిషన్ పెట్టినాక వాసన తగ్గుతా వచ్చె. పొద్దున్నుంచి మళ్ళా ఇంట్లో నిలబడలేకుండా ఉండాం. ఆ రైలు కట్ట కింద మోరీలోంచి కూడా గుప్పున కొడతాండాది."

వెంకటేష్ ఆఖరి మాట అప్పుడు అర్థమైంది. బ్లోయర్ ఆవిరిని పైకి లాగడం లేదు. గాలిని నేలలోకి నెడుతోంది. ఆ ఒత్తిడికి నేలలోని ఆవిరి పాత మురుగు పైపు గుండా రైలు పట్టాల కింది మోరీలోకి చేరుతోంది. ఇంజను మీద కరెంటు తీగ నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు. రైలుతోపాటు ఈ వీధి కూడా మిగలదు.

"అమ్మా, పొయ్యి వెలిగించొద్దు. స్విచ్చులు ముట్టుకోవద్దు. వీధి వీధంతా గాలికి ఎదురుగా పరుగెత్తండి!"

షెడ్డులో బ్లోయర్ హోరెత్తుతోంది. ఆపుదామని స్విచ్ మీదికి చెయ్యి పోయింది. ఆగిపోయాడు. ఆ స్విచ్‌లోనూ నిప్పు పుడుతుంది. తల తిరుగుతుండగా గాలివాలుకు ఎదురుగా గేటు దాకా పరుగెత్తి ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు.

గేటు దగ్గర, అతని వెనకాలే వచ్చిన రేఖ నిలబడి ఉంది. భుజాన హ్యాండ్‌బ్యాగు. అందులో ఫోన్ సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ పచ్చగా మినుకుమంటోంది. ధర్మవరం వైపు నుంచి రైలు కూత వినిపించింది.

"రేపన్నావు."

"అట్ల చెప్పమన్నారు. మా తమ్ముడు మధు వాళ్ళ చేతిలో ఉండాడు. రైలు పేలకపోతే వాడు పోతాడు."

దేవసహాయం పిస్టల్ తీయలేదు. ఇక్కడ తూటా పేలిస్తే ముఠా పని తానే పూర్తి చేసినట్టు. దగ్గు ముంచుకొచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నీ తమ్ముణ్ణి కాపాడతానని మాట ఇయ్యలేను రేఖా. చూడు... ఆ పిల్లోళ్ళు ఇంకా వీధి దాటలేదు."

రేఖ అటు చూసింది. నీలావతి ఒక మనవరాలిని చంకనేసుకుని, ఇంకొకదాన్ని చెయ్యి పట్టుకుని ఈడుస్తోంది. రేఖ పెదవి కొరుక్కుంది. కళ్ళు గట్టిగా మూసుకుని బ్యాగులో చెయ్యి పెట్టింది. పచ్చ లైటు ఆరింది. దేవసహాయం ఫోన్ అందుకున్నాడు.

"చీఫ్! రైలు తీగల్లో కరెంటు తీయించండి! డ్రైవర్‌ను ఆపమనండి! ఇప్పుడే!"

ఇంజను మలుపు తిరిగి కనబడింది. దాని హోరు ఉన్నట్టుండి సన్నగిల్లింది. చక్రాలు మూలుగుతూ, నెమ్మదిస్తూ, ఇంకా వస్తూనే ఉన్నాయి. రైలు మోరీకి ఒక బోగీ దూరంలో నిలిచిపోయింది.

ఆ తర్వాత సబ్‌స్టేషన్ నుంచే ప్లాంటుకు కరెంటు తీయించారు. బ్లోయర్ నోరు మూసింది. సూది విసిరినవాడు హిందూపురం స్టేషన్లో దొరికాడు. వాడు చూపిన గోడౌన్లో మధు కట్లు విప్పారు. వార్త విన్న రేఖ చేతులు ముందుకు చాచి, బేడీలు తానే వేయించుకుంది.

మోరీలో గాలి శుభ్రపడి, మోటారు వైర్లు సరిచేశాక బ్లోయర్ మళ్ళీ ఆవిరిని పైకి లాగడం మొదలుపెట్టింది. నీలావతి కంచె దగ్గరికొచ్చి దేవసహాయాన్ని పలకరించింది.

"ఇంగ మా బావి నీళ్ళు ఎప్పుడు తాగొచ్చప్పా?"

"నేలంతా శుభ్రం కావల్ల గదమ్మా. ఇంకో రెండు మూడేండ్లు."

ఆమె రైలు పోయిన వైపు చూసి నిట్టూర్చింది.

"అంత పెద్ద రైలును నిమిషంలో ఆపితిరి. మా బావి కాడికి వచ్చేసరికే మీకు ఏండ్లు గావల్లొచ్చె!"