ఇచ్ఛారేఖ

కోనాం చేప వైపు చూడకుండా నిలబడాలని నూకరత్నం గట్టి ప్రయత్నమే చేస్తోంది.

నీలద్వీపం చేపల బజారులో ప్రతి బల్లకూ ఒక చిన్న పలక అమర్చి ఉంటుంది. కొనేవారు చెవి వెనుక అతికించుకున్న ఆశామాపని నుంచి సంకేతం అందుకుని, ఆ వస్తువు మీద వారికెంత మనసుందో దాన్నిబట్టి ఆ పలక ధర చూపిస్తుంది. అరేబియా సముద్రం నడుమ ఉక్కు స్తంభాల మీద లేచిన ఆ నగరంలో నోటితో బేరమాడే మనిషి కనిపించి ఒక తరం గడిచింది. అబద్ధమాడే అవకాశం లేనప్పుడు నోటితో పనేముంది?

ఆమె పీతల బుట్ట వైపు చూసింది. తర్వాత పైకప్పు వైపు చూసింది. కళ్ళు మాట విన్నాయి కానీ ముక్కు వినలేదు. విశాఖ జాలరిపేటలో పుట్టిన మనిషి. తాజా కోనాం వాసన తగలగానే పలక మీది అంకె చకచకా పైకి పాకింది.

"ఇంకాస్సేపు నిలబడితే ఆ డబ్బుతో పడవే కొనుక్కోవచ్చు," అన్నాడు పక్కనే ఉన్న భాస్కరరావు. "పదమ్మాయ్. నీకు చేపలంటే ఇష్టం లేదు."

"ఇష్టమేనండీ."

"అదే, ఆ ఇష్టమే వద్దంటున్నాను."

తాడినాడ భాస్కరరావు ఆమె ఏజెంటు. ఊరు రాజమండ్రి. క్రీడాకారులను ఒక క్లబ్బు నుంచి మరో క్లబ్బుకు మార్పించే బేరాల్లో తలపండినవాడు. ఆనాడు ఆమెను బజారుకు తీసుకొచ్చింది కొనడానికి కాదు, అభ్యాసానికి. చేప దగ్గర ఓడిపోయే మనిషి, బదిలీ బేరాలు తేలే తూకపు గదిలో ఏం గెలుస్తుందని అతని ప్రశ్న.

మైలపల్లి నూకరత్నం నీలద్వీపం జట్టుకు గోల్‌కీపర్. భర్త లోవరాజు, కూతురు తరంగిణి విశాఖలో ఉంటారు. విశాఖ తీరసేన అనే కొత్త క్లబ్బు ఆమెను తమకిమ్మని అడుగుతోంది. ఆమె ప్రాణం కూడా అక్కడికే కొట్టుకుంటోంది. చిక్కంతా ఆ కొట్టుకోవడంతోనే.

ఒకప్పుడు ఫుట్‌బాల్ బదిలీలు అబద్ధాల సంతగా ఉండేవి. అమ్మే క్లబ్బు, ఎవరో మరొకరు కూడా అడుగుతున్నారని లేని గిరాకీని పుట్టించేది. కొనే క్లబ్బు, ఆటగాడి మోకాలు బాగా లేదని పత్రికల్లో రాయించేది. ఏజెంట్లు ఇదే చివరి మాట అని పదిసార్లు అనేవారు. ఈ రొష్టు భరించలేక బదిలీల మండలి ఆశామాపనిని తప్పనిసరి చేసింది. నాడి, చర్మపు తడి, కంటిపాప, మెదడులోని సన్నని విద్యుత్తు, వీటన్నింటినీ చదివి ఎవరికి ఏది ఎంత కావాలో అది తేల్చి చెబుతుంది. బేరం తేల్చే యంత్రం దాన్నిబట్టి తూస్తుంది, ఆశ తక్కువ ఉన్నవారి వైపు తూకం మొగ్గుతుంది. అబద్ధం పోయింది, నిజమే. దానితోపాటు న్యాయం వచ్చి చేరుతుందని అందరూ ఎందుకు అనుకున్నారో మాత్రం ఎవరూ విచారించలేదు.

నూకరత్నం మొదటిసారి ఇంటికి పోతానని అడిగినప్పుడు యంత్రం ఆమెకు ఏటా వేసవి సెలవు ఇప్పించి, బదులుగా ఒప్పందాన్ని మరో రెండు సీజన్లు పొడిగించింది. రెండోసారి అడిగితే కూతురిని ద్వీపానికి పిలిపించి చూసుకునే వీలు వచ్చింది. సీజన్లు మళ్ళీ పెరిగాయి. ఇంటి ముఖం కాస్తంత చూపిస్తే చాలు, ఆమె దేనికైనా తలూపుతుందని ఆమె కన్నా ముందు యంత్రానికి తెలుసు. ఇల్లు ఎంత కావాలనిపిస్తే అంత దూరం జరిగేది.

తిరుగుదారిలో సముద్రం మీది వంతెన దాటుతూ భాస్కరరావు అన్నాడు:

"మా మేనత్త రాజమండ్రిలో చీర బేరమాడితే చూడాలి నువ్వు. ధర వినగానే చీర విసిరేసి లేచేది. కొట్టువాడు ఆవిడ చెప్పులేసుకునేదాకా పలికేవాడు కాదు. వీధి మలుపు దాకా పోనిచ్చి, అప్పుడు 'అమ్మగారూ, నా మాటా వద్దు మీ మాటా వద్దు, రండి' అని కేకేసేవాడు. ఆ చీర దొరక్కపోతే అత్తకి అన్నం సయించదని వాడికి తెలుసు. అత్త పోతే వాడికి బోణీ లేదని అత్తకీ తెలుసు. తెలిసీ ఇద్దరూ తెలియనట్టు ఉండేవాళ్ళు. బేరమంటే అదీ."

"మరిప్పుడేటి సేస్తారు?"

"ఇప్పుడు నిజంగానే వెళ్ళిపోవాలి."

ఆమె వంతెన కమ్మీ పట్టుకుని ఆగింది. "నిజంగా ఎల్లిపోతే ఇంకేటి మిగుల్తాదండీ?"

"ఇల్లు మిగులుతుంది. ముందు ఆశ వదులుకో, తర్వాత ఇంటికి పోయి తీరిగ్గా పెంచుకో."

ఆ మాట ఆమెకు నచ్చింది. అతనికీ నచ్చింది.

నీలద్వీపంలో వైరాగ్య శిబిరాలకు కొదవ లేదు. మోక్షం కోసమని వేల ఏళ్ళు బోధించినా ఎవరికీ పట్టుబడని వైరాగ్యం, వ్యాపారానికి పనికొస్తుందని తేలిన కొద్దికాలానికే అందరికీ పట్టుబడింది. అందులో మహిమ ఏమీ లేదు. ఒకే శబ్దం పదేపదే వినిపిస్తే నాడీమండలం దానిని పట్టించుకోవడం మానేస్తుంది. రైలుకట్ట పక్కన కాపురమున్నవారు నిద్రపోవడం లేదూ?

శిబిరంలో ఆమె ముందు తరంగిణి దృశ్యాన్ని నడిపించారు. ఇసుకలో పీత వెంట పరుగెత్తుతూ, "అమ్మా, సూడు! పట్టేసినాను సూడు!" అంటుంది పాప. తొలినాడు గుండ్రటి పలక మీది ముల్లు చివరి గీతకు కొట్టుకుంది. నూకరత్నం మాపనిని పీకేసి బయటికి పోయింది. మర్నాడు తనే తిరిగి వచ్చి కూర్చుంది. అదే దృశ్యం. మళ్ళీ అదే. వానలు వచ్చి వెళ్ళాయి. ఒక సాయంత్రం, పాప పీత వెంట పరుగెడుతూ ఉండగానే, ఆమె తన చేతితొడుగు చిరుగు కుట్టుకుంటూ కూర్చుంది. ముల్లు కదలలేదు. భాస్కరరావు చప్పట్లు కొట్టబోయి, ఎందుకో చేతులు దించుకున్నాడు.

ఆ వారంలో లోవరాజు తెర మీదికి వచ్చాడు.

"ఏటే, పాపకి పన్నూడింది. సూపించమంటావేటి?"

"సూపించు."

చూపించాడు. ఆమె చూసింది.

"నవ్వవేటే? పన్నూడితే నవ్వుతారు గానీ అలగ గోడని సూసినట్టు సూస్తారేటి?"

"అలిసిపోనానయ్యా. బేరం అయిపోనీ, వచ్చీసి నవ్వుతాను."

"నవ్వు కూడా దాసి పెడతావేటే, ఎండుసేపలా?" అన్నాడు అతను. అతను పరిహాసంగానే అన్నాడు. ఆమె కూడా దానిని అలాగే తీసుకుంది.

బదిలీల గడువు చివరి రోజు మధ్యాహ్నం తూకపు గదిలో ముగ్గురు కూర్చున్నారు. విశాఖ తీరసేన తన కోరికను యంత్రానికి ముందే సమర్పించింది కాబట్టి ఆ పక్షం మనుషులు రానక్కరలేదు. నీలద్వీపం తరఫున వచ్చినవాడు దొడ్ల పెంచలయ్య. నెల్లూరు మనిషి. క్లబ్బు బేరాలన్నీ అతని చెవి వెనుక నుంచే నడుస్తాయి. బల్ల మీద రెండు ముళ్ళు, రెండు పలకలు. గోడ మీద గడువు గంట.

"ఏందయ్యా భాస్కరరావు, మళ్ళీ ఏడిపించేదానికి తెచ్చినావా అమ్మిని?" అన్నాడు పెంచలయ్య. "పోయినసారి ముల్లు ఇరిగిపోద్దేమో అనుకున్నా."

"ఈసారి మీకు రుమాలు తెచ్చానండీ."

"నాకేంది ఏడుపు! సరే, ఇను నూకరత్నమ్మా. మీ పాపని ఈడ బడిలో ఏస్తాం. ఇల్లు మాదే, సముద్రం కనపడేట్టు. ఇంకో మూడు సీజన్లు ఉంటావు. ఏమంటావు?"

అది మంచి ఎర. పోయినసారి అయితే ఆమె సగం మాటలోనే తలూపి ఉండేది. ఇప్పుడు ముల్లు సున్నా దగ్గర పడుకున్న పిల్లిలా ఉంది.

"వద్దండీ."

పెంచలయ్య ముందుకు వంగి పలకను వేలితో తట్టాడు. తర్వాత బల్ల మీద తరంగిణి బొమ్మను వెలిగించాడు. పన్ను లేని నవ్వు. ముల్లు కదలలేదు.

"ఇదేమన్నా నటనా?"

"నటనైతే ముల్లు చెప్పదాండీ?" అన్నాడు భాస్కరరావు.

నూకరత్నం లేచింది. ఎవరి వైపూ చూడకుండా తలుపు దాకా నడిచింది. చెప్పుల చప్పుడు వినపడాలని గట్టిగా నడవలేదు. ఎవరైనా పిలుస్తారని నెమ్మదిగానూ నడవలేదు. వెళ్ళిపోయే మనిషి ఎలా వెళ్తుందో అలా వెళ్ళింది. ఆమె గడప దాటేసరికి రెండో ముల్లు, పెంచలయ్య వైపుది, ఎగిరెగిరి పడుతోంది. అంత గోల్‌కీపర్ చేజారిపోతుందన్న భయం క్లబ్బుకు పట్టుకుంది. యంత్రం తూచింది; ఆశ ఎక్కువైన క్లబ్బు పక్షం ఓడింది. బల్ల మీద ఒప్పందం వెలిగింది: నూకరత్నానికి విడుదల, విశాఖ తీరసేనలో చేరిక, ఆమె మీద ఏ బంధమూ లేదు.

"రామ్మా, గెలిచావు!" అని కేకవేశాడు భాస్కరరావు.

ఆమె తిరిగి వచ్చి కూర్చుంది. సంతకం అంటే పలక మీద అరచేయి ఉంచడమే. ఉంచింది. పలక ఆకుపచ్చగా మారలేదు. పసుపుపచ్చగానే ఉండిపోయింది. దాని మీద ఒక వాక్యం కనిపించింది: క్రీడాకారిణి అభీష్టం ఇచ్ఛారేఖను చేరలేదు.



ఇచ్ఛారేఖ కొత్తదేమీ కాదు. వెనుకటి కాలంలో ఆట నేర్చిన పిల్లలను ఇష్టం లేని దేశాల క్లబ్బులకు సరుకులా అమ్మేశారని, మండలి దయతో పెట్టిన గీత అది. వెళ్ళాలని మనసులో నిజంగా లేని మనిషిని ఏ యంత్రమూ పంపరాదు. ప్రతి ఏజెంటుకూ దాని సంగతి తెలుసు. అది దాటని మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు. ఇష్టం లేనిచోటికి పోవడానికి ఇంత బేరమాడేవారు ఎవరుంటారు?

"అదేటి, నాకు ఇంటికి ఎల్లాలని లేదంతాదేటి?" అంది నూకరత్నం. గొంతులో ఆశ్చర్యం ఉంది, అంతే. "ఎల్లాలనే కదా ఇదంతా."

"అనుకుంటే చాలదమ్మాయ్, అనిపించాలి," అన్నాడు భాస్కరరావు. అతని ముఖం పాలిపోయింది. "ఆలోచించు. ఇల్లు... పాప..."

ఆమె ఆలోచించింది. శ్రద్ధగా ఆలోచించింది. ముల్లు కదలలేదు.

పెంచలయ్య గోడ మీది గడువు గంట వైపు చూశాడు. క్లబ్బు లాభం చూసుకునేవాడైతే చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. అలా కూర్చోలేదు.

"బొమ్మలతో ఏందయ్యా, బిడ్డనే పిలవరాదా!" అని కసిరాడు.

తెర మీదికి తరంగిణి వచ్చింది. బడి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, రిబ్బను ఒకవైపు ఊడి వేలాడుతోంది.

"అమ్మా! నాన్న సెప్పినాడు, ఇయ్యాల బేరం అంట కదా. వచ్చేస్తన్నావేటి?"

"వస్తన్నాను," అంది నూకరత్నం. కళ్ళు ముల్లు మీద ఉన్నాయి.

"నాను కూడా నీలాగ గోలీనే అవుతాను. నిన్న బడిలో రాజుగాడు బంతి కొట్టినాడు, ఆపీసినాను. మోకాలు గీరుకుపోనాది, సూడు."

"సూస్తన్నాను."

భాస్కరరావు ముల్లునే చూస్తున్నాడు. పెంచలయ్య కూడా ముల్లునే చూస్తున్నాడు. పాప తన మోకాలిని తెరకు ఆనించి చాలాసేపు ఉంచింది. తర్వాత దించింది.

"అమ్మా."

"ఏటి?"

"నన్ను సూడకండా ఏటి సూస్తన్నావు అక్కడ?"

నూకరత్నం చప్పున తలెత్తింది. పాప కళ్ళలోకి చూసింది. ఆ క్షణంలో కూడా, అలవాటు కొద్దీ, ఒక కంటి కొసతో పలకను గమనించింది. పాపకు అది కనిపించింది.

"నాన్నా, అమ్మ బిజీ అంట," అని తరంగిణి తెర ముందు నుంచి లేచిపోయింది.

ఖాళీ కుర్చీ కాసేపు కనిపించింది. తర్వాత గోడ మీద గడువు గంట మోగింది. పసుపుపచ్చ పలక నల్లబడి, ఒప్పందం రద్దయింది. నూకరత్నం నీలద్వీపం క్రీడాకారిణి, కనీసం వచ్చే సీజను ముగిసేదాకా.

భాస్కరరావు తల పట్టుకుని కూర్చున్నాడు. పెంచలయ్య గెలిచాడు, కానీ గెలిచినవాడి ముఖం ఏదీ అతని దగ్గర లేదు.

బేరం లేదు. కాపాడుకోవలసింది ఇక ఏదీ లేదు. నూకరత్నం ఆ ఖాళీ కుర్చీనే చూస్తోంది. వేలాడే రిబ్బను, గీరుకుపోయిన మోకాలు, దాని మీద చర్మం ఎంత లేతగా ఉందో, ఇవన్నీ ఎవరో తలుపు తీసినట్టు ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. ఆమె భుజాలు కదిలాయి.

బల్ల మీద ముల్లు వణికి లేచింది. ఇచ్ఛారేఖను దాటింది. ఆగలేదు.

ఆ సంకేతాన్ని అందుకునేవారు ఎవరూ లేరు. గడువు ముగిసిన తర్వాత యంత్రం దేనినీ నమోదు చేయదు.

"అమ్మా, తీసెయ్యమ్మా దాన్ని," అన్నాడు పెంచలయ్య మెల్లగా, ఆమె చెవి వెనుక ఉన్న మాపని వైపు చెయ్యి చాపుతూ. "తీసేస్తే కొంచెం తేలిగ్గా ఉంటాది."

ఆమె అతని చేతిని పక్కకు నెట్టింది. బంతిని నెట్టినట్టే, బలంగా నెట్టింది.

"ఉండనియ్యండి," అంది, ముల్లు మీది నుంచి చూపు తిప్పకుండా. "ఒక్కసారి సూసుకోనియ్యండి నన్ను."