అల్లుడు పగలగొట్టిన తలుపు

పోలీసు క్వార్టర్లలో పొద్దున్నే కుళాయి దగ్గర ఎప్పటిలాగే రద్దీగా ఉంది. మూడో నంబరు ఇంట్లో మాత్రం మాటల్లేవు. కూతురు టీ గిన్నె ముందు నిలబడి అది పొంగేదాకా చూస్తోంది. తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. నలభై ఏళ్ల వడ్రంగి పనిలో ఆయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడిగిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆమె భర్త వీధి తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు. చేతిలో పేపరుంది, పేజీ మాత్రం తిరగడం లేదు.

ఆ రోజు పదకొండింటికి మునిసిపల్ హాల్లో బహిరంగ విచారణ. ఏడాది కిందట ఊరి పోలీసులకు ఒక ఉక్కు బండి, నల్ల దుస్తులు, ముఖం కనిపించని హెల్మెట్లు వచ్చాయి. వాటితో ఏర్పాటైన ప్రత్యేక దళం ఉండాలా వద్దా అని ఊరు రెండుగా చీలింది. దొంగలు హడలిపోయారు, షట్టరు దించి హాయిగా నిద్రపోతున్నాం అన్నారు కొట్లవాళ్లు. దొంగల సంగతేమో గానీ మా పిల్లలు మంచాల కింద దూరుతున్నారన్నారు తల్లులు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని టీ కొట్టు దగ్గర నవ్వుకున్నారు, బండి అటు వచ్చినప్పుడు మాత్రం నవ్వు మింగేశారు.

భర్త ఆ దళంలోనే పనిచేస్తున్నాడు. తలుపులు బద్దలుకొట్టే ఇనుప దుంగ పట్టేది అతనే. ఒకప్పుడు చేతికర్రతో బీటుకి వెళ్తే, బజారు దాటేలోపు నలుగురైనా ఆపి కబుర్లు చెప్పేవాళ్లు. ఇప్పుడు దారి ఇస్తున్నారు, మాట కలపడం లేదు.

నెల కిందట ఈ దళం బట్టలు కుట్టే ఒకావిడ ఇంటి తలుపు పగలగొట్టింది. వాళ్లు వెతుకుతున్న మనిషి ఉండేది పక్క సందులో. తలుపు వెనకే ఉన్న ఆవిడ ముసలి తల్లికి తుంటి ఎముక విరిగింది. గడియ వేసుకున్నారు, ఎంత పిలిచినా తీయలేదు, అందుకే పగలగొట్టామని రిపోర్టు రాశారు. అడ్డుపడిందంటూ కుట్టుపనావిడను జైల్లో పెట్టారు. కొత్త తలుపు బిగించమని ఇంటివాళ్లు పిలిచింది ఈ వడ్రంగినే. పాత తలుపునీ, ద్వారబంధాన్నీ ఆయన తన షెడ్డుకి తెచ్చుకున్నాడు. ఇవాళ విచారణలో వాటి గురించే చెప్పాలని ఆయన్ని పిలిచారు.

ఆ పాత చెక్క పొయ్యిలోకి పనికొస్తుంది కదా అని నిన్న అల్లుడితో పైఅధికారి అన్నాడట. మీ మామగారిని నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండమను, క్వార్టరు చల్లగా ఉంటుంది కదా అని కూడా అన్నాడట. ఆ మాటలు అల్లుడు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. భార్య పోయాక ఐదేళ్లుగా మామ ఉంటున్నది ఈ క్వార్టర్లోనే.

తండ్రి టీ తాగి లేచాడు. అల్లుడు కుర్చీలోంచి కదల్లేదు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతారా మామయ్యా?"

"వాసాలు లెక్కపెట్టడం నా వృత్తి అల్లుడుగారూ. కూలిపోయేవి ఏవో చెప్పడం కూడా."

కూతురు మధ్యలోకి వచ్చింది. ఎవరి వైపు నిలబడాలో తెలియక గ్యాసు బండలా మూలన ఉండిపోవడం ఆమెకి ఈ నెలలో అలవాటైంది. ఆయన ఉద్యోగం పోతే ఈ ఇల్లు పోతుంది, బయట మనకి గజం చోటు లేదు, నీ ముక్కుసూటితనంతో నా బతుకు చీల్చకు అని తండ్రిని బతిమాలింది. తండ్రి అన్నీ విన్నాడు.

"నేను ఎవరినీ తిట్టడానికి పోవడం లేదమ్మా. గడియ వేసిన తలుపుని గుద్దితే గడియ వంగుతుంది, అది దిగే బెజ్జం చీలిపోతుంది. ఆ తలుపుకి గడియ వంగలేదు, బెజ్జం చెక్కుచెదరలేదు. తలుపు తిరిగే పై బందు ఒక్కటే ఊడింది. అంటే ఆ ముసలమ్మ అప్పటికే గడియ తీసేసింది. తీయడానికి వచ్చింది కాబట్టే తలుపు వెనకుంది."

కూతురి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. తలుపు తీయని మొండిమనుషులు అనే ఆమె నెల రోజులుగా వింటోంది. నమ్మింది కూడా. నమ్మకపోతే పక్కన పడుకోవడం కష్టం.

"మీకు తెలుసా?" అని భర్తని అడిగింది.

అతను పేపరు మడిచాడు, మళ్లీ విప్పాడు.

"విన్నాను. వస్తున్నా నాయనా అంది ముసలమ్మ. గడియ జరిగిన చప్పుడూ వినిపించింది." అతను పేపరు కింద పెట్టాడు. "అప్పటికే వెనక నుంచి కొట్టమన్నారు. చెయ్యి ఆగలేదు. ఆపి ఉండొచ్చు. ఆపలేదు."

పైఅంతస్తులో ఎవరో బట్టలు ఉతుకుతున్న శబ్దం గోడలోంచి వస్తోంది. వడ్రంగి అల్లుడి ముందు నేల మీద కూర్చుని, అతని మోకాలి మీద చెయ్యి వేశాడు.

"రిపోర్టు కింద నా సంతకం ఉంది మామయ్యా. మీరు ఒక్కరే చెబితే, అల్లుడి మీద కోపంతో ముసలాయన ఏదో వాగాడంటారు." అతను ముఖం తుడుచుకుని లేచి కుర్చీ పక్కకి జరిపాడు. "చెక్క సంగతి మీరు చెప్పండి. చప్పుడు సంగతి నేను చెబుతాను."

తండ్రి చెప్పుల కోసం వంగాడు, చాలాసేపటిదాకా తలెత్తలేదు.

కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర కాపలావాళ్లు ఇద్దరు ఇటే చూస్తున్నారు. సాయంత్రానికి ఈ ఇల్లు తమది కాకపోవచ్చు. అతను భార్య దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"భయంగా ఉందా?"

"ఉంది," అందామె, కళ్లు నిండిపోతుంటే. "ఇన్నాళ్లూ మిమ్మల్ని చూసి భయపడ్డాను. ఇవాళ మీకేమవుతుందోనని భయపడుతున్నాను. ఈ భయమే నయం."

అని, తనూ చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.