మచ్చ ఉన్నంత మాత్రాన

“ఈ లెక్క వేసింది ఎవరండీ?”

నర్సు కంప్యూటర్ గదిలోకి దూసుకొచ్చిన తీరు చూసి, వేసినవాడు వెంటనే ఒప్పుకోలేదు. చుట్టూ చూశాడు. గదిలో ఇంకెవరూ లేరు.

“నేనే. ఏమైందండీ?”

“కూలీల హాస్టల్లో ఒక్కసారి అందరికీ క్షయ పరీక్ష చేస్తే ఏడాదంతా చాలని రాశారు. నిన్న పరీక్ష చేసినవాళ్ళలో సగంమంది నెలాఖరుకి ఉండరు. కొత్తవాళ్ళు దిగుతారు. మీ లెక్కలో జనం కదలరా?”

పాపం, కదలరు. జబ్బు ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుందో అంచనా కట్టడం అతని ఉద్యోగం. ఆ అంచనాలో హాస్టల్‌కి తలుపు పెట్టడం మరిచిపోయాడు.

“ఎవరెప్పుడు వస్తారో, పోతారో మీరు చెబితే కలుపుతాను,” అన్నాడు బుద్ధిగా.

చెప్పడానికి ఆమె రోజూ రావలసి వచ్చింది. లెక్క ఎప్పుడో కుదిరినా ఆ సంగతి అతను బయటపెట్టలేదు. ఆమె అడగనూ లేదు.

ఒక మధ్యాహ్నం ఆమె రాలేదు. సిబ్బందికి తీసిన ఛాతీ ఎక్స్‌రేల్లో ఆమెదాంట్లో మచ్చ కనబడిందట. కఫం పరీక్షకిచ్చి ల్యాబ్ బయట కూర్చుందని తెలియగానే, గొడుగు సంగతే మరిచి వానలో పరిగెత్తాడు.

“మచ్చ ఉన్నవాళ్ళలో చాలామందికి జబ్బుండదని సిబ్బంది శిక్షణలో మాకు పాఠం చెప్పింది మీరే కదా మాస్టారూ?” అంది ఆమె మాస్కు వెనక నుంచి.

“చెప్పాను.”

“మరి ఆ మొహమేంటి? జబ్బు అనుమానం నాకా, మీకా?”

“ఆ పాఠం అందరికీ. మీ దగ్గరికొచ్చేసరికి నాకు కూడికలు కూడా రావట్లేదు.” అతని ప్రాణం అతని దగ్గర లేదు. “మీరంటే నాకిష్టం. రిపోర్టు ఏదొచ్చినా ఈ మాట మారదు. జబ్బే అయితే, మందులు వాడినన్నాళ్ళూ పక్కనే ఉంటాను.”

ఆమె తల దించుకుంది.

ల్యాబ్ తలుపు తెరుచుకుంది. ఆమె బాబాయి అక్కడే పనిచేస్తాడు. రిపోర్టు పట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో మరి.

“నెగటివ్ తల్లీ. చిన్నప్పటి నిమ్ము తాలూకు మచ్చేనట, డాక్టరుగారు చెప్పారు.”

అతను బెంచీమీద కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు. ఆమె మాస్కు తీసి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

“బాబాయ్, నాన్నకి ఫోన్ చేస్తున్నావా?”

“ఆ. జబ్బు లేదని చెప్తాను.”

“అంతేనా?”

బాబాయి ఆమెను చూశాడు. తడిసి ముద్దయిన అతన్నీ చూశాడు.

“మిగతాది మీరిద్దరూ వచ్చి చెప్పుకోండి. సాయంత్రం ఇంట్లోనే ఉండమంటాను.”